గోడ అవతలి పొయ్యి

మా అత్తగారికీ నాకూ మధ్య ఉన్నది ఒకే ఒక గోడ. అదీ చెక్క గోడే. పెన్సిల్వేనియా బొగ్గుగనుల ఊళ్ళలో ఇళ్ళన్నీ జంట ఇళ్ళే. పైన ఒకే కప్పు, ముందు ఒకే వరండా, నడిమధ్య గోడ, అటొక సంసారం, ఇటొక సంసారం. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన రోజున మా ఆయన విటాస్ నా చెవిలో, "మెల్లగా మాట్లాడు లవీనా, అమ్మకి వినబడుతుంది" అన్నాడు. గోడ అవతలి నుంచి వెంటనే జవాబొచ్చింది: "నేనేం వినట్లేదు!"

మాది ఇక్కడికి దక్షిణాన, పొలాల వైపు. మా పుట్టింట్లో కట్టెల పొయ్యి. కట్టెల పొయ్యిని ఎంత కెలికితే అంత మండుతుంది. ఓ పుల్ల వేసినా సంతోషమే, నోటితో ఊదినా సంతోషమే. నా స్వభావానికి అది సరిగ్గా సరిపోయింది. నాకు చేతులు ఊరుకోవు. ఉడుకుతున్న కూర మూత పదిసార్లు తీసి చూడందే నాకు తోచదు. మా అమ్మ నన్ను తిట్టని రోజు లేదు, నేను మారిన రోజూ లేదు.

అలాంటిదాన్ని తెచ్చి గట్టి బొగ్గు పొయ్యి ముందు నిలబెట్టారు. గట్టి బొగ్గంటే గనిలోంచి తీసిన నల్లటి రాయి. గాజులా మెరుస్తుంది. అంటుకోవడానికి గంట పడుతుంది. ఒకసారి అంటుకుందంటే మాత్రం పొగ లేకుండా, చప్పుడు లేకుండా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంటిని వెచ్చగా ఉంచుతుంది. మా వీధి ఆడవాళ్ళు అక్టోబరులో మొదటి ఆదివారం నాడు ఒక అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగిస్తే, మళ్ళీ వసంతం వచ్చేదాకా ఆరనివ్వరు. కాలిన ఆ పుల్లని గడియారం వెనక దాచిపెడతారు. చలికాలమంతా చర్చి మెట్ల దగ్గర పలకరింపు ఒకటే: "ఎన్నో పుల్ల?" ఒకటే అని చెప్పగలిగిన మనిషి తలెత్తుకుని లోపలికి వెళుతుంది.

మా అత్తగారు ఓనా ఇరవై ఆరేళ్ళుగా ఏటా ఒకటే పుల్ల.

నేను నవంబరు రాకముందే ఒక పెట్టె ఖాళీ చేశాను.

మొదటిసారి ఆవిడ నన్ను పొయ్యి దగ్గర చూసినప్పుడు నేను రెండు గుప్పిళ్ళ బొగ్గు వేసి, పై తలుపు తీసి, ఇనుప చువ్వతో మహా ఉత్సాహంగా కెలుకుతున్నాను. ఎర్రగా ఉన్న బొగ్గు నా కళ్ళముందే నల్లబడిపోతోంది.

"ఏం చేస్తున్నావే?" అంది ఆవిడ గుమ్మంలోంచి.

"మంట పెడుతున్నాను అత్తయ్యా."

"మంట పెడుతున్నావా, పాతిపెడుతున్నావా?"

"చలి ఇలా ఉంటే కెలక్కుండా ఎలాగండీ?"

"కెలికితే చచ్చిపోద్ది. అది రాయి. దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. మీ ఊళ్ళో రాళ్ళని కూడా కెలుకుతారా?"

నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో మండింది అదొక్కటే.

అక్టోబరు ఆఖరున మాకు ఆడపిల్ల పుట్టింది. రూట అని పేరు పెట్టుకున్నాం. పాపని ఎత్తుకుని ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మా పొయ్యి ఆరిపోయి ఉంది. గదిలో నోరు తెరిస్తే ఆవిరి కనిపిస్తోంది. విటాస్ ఉయ్యాలతొట్టి మోసుకుంటూ వెనకాలే వస్తున్నాడు. అత్తగారు ఆ గదిలోకి ఒక్క అడుగు వేసి, వెనక్కి తిరిగి, కొడుకు చేతుల్లోంచి ఉయ్యాల లాక్కుని సరాసరి తన గుమ్మం వైపు నడిచింది.

"అత్తయ్యా, అది మా పాపది!"

"పాప మీదే. చలి కూడా మీదే. రెండిటినీ ఒక గదిలో పెట్టనివ్వను." ఉయ్యాలని తన పొయ్యి పక్కన దించి, నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆదివారం నుంచి ఆదివారం దాకా నీ పొయ్యి ఆరకుండా ఉంచు. ఆ రోజు ఈ ఉయ్యాలని నేనే మోసుకొచ్చి మీ ఇంట్లో పెడతా. ఒరేయ్ విటాస్, నువ్వు చువ్వ ముట్టుకున్నావంటే లెక్క మళ్ళీ మొదటికి. పిల్ల నేర్చుకోవాలి. రేపు నువ్వు పనిలో ఉంటే పొయ్యి ఎవరు చూస్తారు, మేయరు గారా?"

విటాస్ నా వైపు చూశాడు, వాళ్ళమ్మ వైపు చూశాడు, తర్వాత బూట్లు చూసుకున్నాడు. మొగుళ్ళు ఇలాంటప్పుడు ఎందుకు పనికొస్తారో నాకు ఇప్పటికీ తెలియదు.

పగలంతా నేను అత్తగారి వైపే పాప దగ్గర ఉండేదాన్ని. రాత్రి పాలసీసా ఆవిడ చేతికిచ్చి ఉత్త చేతులతో మా ఇంటికి వచ్చేదాన్ని. గోడ అవతల పాప ఏడిస్తే ఇవతల నాకు వినబడేది. నేను కాళ్ళు కిందపెట్టేలోపే ఆవిడ జోలపాట మొదలయ్యేది. తొమ్మిదేళ్ళుగా ఒంటరిగా ఉన్న ఆడది, మామగారు పోయాక పాడటమే మానేసిందని విటాస్ చెప్పాడు. ఏమైతేనేం, నా కూతురికి నేను కదా పాడాలి! ఆ పాట వింటూ దిండు కొరుక్కునేదాన్ని.

సరే, నేర్చుకుందామనే కూర్చున్నాను. పొయ్యి అడుగున ఇనుప జాలీ ఉంటుంది. దాని కింద బూడిద సొరుగు. పొద్దునా సాయంత్రం పిడి పట్టుకుని జాలీని అటూ ఇటూ ఊపితే బూడిద కిందికి రాలి, బొగ్గుకి అడుగునుంచి గాలి అందుతుంది. ఊపాక పొయ్యి నిండుగా బొగ్గు పొయ్యాలి. అంతే. ఇందులో కష్టం ఏమీ లేదని మా అత్తగారు అంటుంది. ఆ 'అంతే' నా తల ప్రాణం తోకకి తెచ్చింది.

పైగా ఆ ఊపే చప్పుడు గోడకి రెండువైపులా మోగుతుంది. పొద్దున్న ఆరింటికి అవతల గడగడగడమని ఆవిడ పొయ్యి మోగేది. తర్వాత ఇవతల నాది. నేను ఇంకా పిడి వదలకముందే తీర్పు వచ్చేది.

"చాలు!"

"ఇంకా బూడిద ఉందండీ!"

"చాలంటున్నానా! సొరుగులో ఎర్రటి నిప్పు ఒకటి రెండు కనబడితే ఆపెయ్యాలి. నీకు దుప్పటి దులిపినట్టు దులపాలని ఉంటుంది."

మొదటి వారం మంగళవారం దాకా వచ్చాను. ఆ రోజు పొయ్యి నింపేటప్పుడు నిప్పు మొత్తం కప్పేసేలా బొగ్గు గుమ్మరించి, నిండిందిగదా అని మురిసిపోయాను. ఒక మూల ఎర్రటి నిప్పు బయటికి కనబడేలా వదలాలని, దాని మీదే బొగ్గులోంచి వచ్చే గ్యాసు నీలంగా మండాలని ఆవిడ చెప్పనే చెప్పింది. నేను వినలేదు. ఐదు నిమిషాలకి ఢామ్మని పేలి, పొయ్యి మూత ఎగిరి, నా ముఖం మీద మసి. పొగగొట్టం గోడలోంచి ఊడొచ్చింది.

"బతికున్నావా?" అని అరిచింది గోడ.

"ఉన్నానండీ!"

"కనుబొమ్మలు?"

తడిమి చూసుకున్నాను. "ఉన్నాయి!"

"మరి ఆ కిటికీ తియ్యి, చవటా!" ఇంకో నిమిషంలో ఆవిడ గుమ్మంలో ఉంది. నా ముఖం చూసి, నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. నాకూ నవ్వొచ్చింది. గొట్టం సరిచేసేసరికి పొయ్యి చల్లారిపోయింది. లెక్క మళ్ళీ మొదటికి.

రెండోసారి గురువారం దాకా. పొద్దున్నే పొయ్యి చాలా అందంగా ఉంది. ఇంకాస్త శుభ్రం చేస్తే ఇంకాస్త అందంగా ఉంటుందనిపించింది. 'చాలు' అనడానికి అవతల అత్తగారు లేదు, పాపని ఎత్తుకుని చర్చికి వెళ్ళింది. ఊపాను, ఊపాను. నిప్పంతా జాలీలోంచి బూడిద సొరుగులోకి పడిపోయింది. అక్కడ ఎర్రగా, దర్జాగా మండుతోంది, ఎందుకూ పనికిరాకుండా.

ఆ ఆదివారం చర్చి మెట్ల మీద ముసలి బార్బొరా నన్ను ఆపింది. వీధి చివరి ఇల్లు ఆవిడది, అత్తగారితో పోటీ. "ఏమమ్మా ఓనా కోడలా, నీది ఎన్నో పుల్ల?"

"లెక్కపెట్టడం మానేశాను పిన్నీ. అగ్గిపెట్టెలైతే చెప్తాను."

మెట్లమీద ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. నేను నవ్వకపోగా ఇంటికొచ్చి ఏడ్చాను. పొయ్యి గురించి కాదు. ఆ రోజు పొద్దున పాప మొదటిసారి నవ్విందట, నేను బూడిద ఎత్తుతుంటే, మా అత్తగారి ముఖం చూసి.

మూడోసారి మొదలుపెట్టిన రోజున ఒట్టు పెట్టుకున్నాను, ఇనుప చువ్వని పెరట్లో మంచులో పాతేసి వచ్చాను. చేతులు ఊరుకోకపోతే అల్లుకుందామని ఊలు తెచ్చుకున్నాను. సోమవారం, మంగళవారం బాగా గడిచాయి. బుధవారం మధ్యాహ్నం పాపకి స్నానం చేయించి మా వైపు వచ్చేసరికి పొయ్యి మొహం వేలాడేసుకుని ఉంది. బొగ్గు మధ్యలో ఎక్కడో నాలుగు ఎర్రటి చుక్కలు. పరుగున వెళ్ళి జాలీ పిడి పట్టుకున్నాను.

"ఊపకు!" అని గోడ కేక పెట్టింది. నా అడుగుల చప్పుడుకే ఆవిడకి సంగతి అర్థమైపోయినట్టుంది. "ఊపావంటే ఆ కాస్తా రాలిపోద్ది. ఎంతుంది ఎరుపు?"

"నా అరచేతంత."

"చాలు. సొరుగులో బూడిద తీసెయ్. కింది గాలి తలుపు బార్లా తియ్యి. పైన గుప్పెడంటే గుప్పెడే సన్న బొగ్గు చల్లు. చల్లావా?"

"చల్లానండీ. ఇప్పుడు?"

"కూర్చో."

"కూర్చుని?"

"చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చో. దాని మానాన దాన్ని వదిలెయ్. బాగా అంటుకున్నాక బొగ్గు, ఆ తర్వాతే ఊపడం."

అరగంట కూర్చున్నాను. నా జన్మలో అంత పెద్ద అరగంట లేదు. చేతులు దురద పెట్టాయి, కాళ్ళు దురద పెట్టాయి. అల్లుతున్న ఊలు చిక్కుపడింది. అప్పుడు బొగ్గు సందుల్లోంచి ఒక చిన్న నీలిమంట లేచింది. పక్కన ఇంకొకటి. కాసేపటికి పొయ్యి నిండా నీలంగా ఆడుతున్నాయి. నేనేమీ చెయ్యకుండానే! నాకు ఒక్కసారిగా నవ్వూ ఏడుపూ వచ్చాయి. "అత్తయ్యా, బతికింది!" అని అరిచాను.

"నాకు తెలుసు, అరవక్కర్లేదు. పాప పడుకుంది."

గురువారం, శుక్రవారం, శనివారం. శనివారం సాయంత్రం నేను ఊపిన తీరు నాకే ముచ్చటేసింది. ఎనిమిదిసార్లు, సొరుగులో ఎర్రగా రెండు రవ్వలు, ఆపెయ్. అవతలి నుంచి 'చాలు' అనే మాట రాలేదు. దానంత పెద్ద మెప్పు ఇంకేం కావాలి? విటాస్ ఉయ్యాలకని మా గదిలో చోటు చేసి, బల్ల పక్కకి జరిపాడు. అలా జరుపుతుంటే, "ముందే జరపకు, దిష్టి తగులుద్ది" అని కసిరాను గానీ, నాకూ నిద్ర పట్టలేదు.

ఆదివారం పొద్దున్న లేచేసరికి మా పొయ్యి దివ్యంగా ఉంది. ఆరయింది. అవతలి గడగడ కోసం చూస్తూ నిలబడ్డాను. ముందు ఆవిడది, తర్వాత నాది, అదీ వరస. ఆరూ పది. ఆరూ ఇరవై. అవతల పాప ముక్కుతోంది గానీ పొయ్యి మోగలేదు. దాని బదులు ఇంకో చప్పుడు. టకటకటకమని, ఇనుము మీద ఇనుము. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ఆ చప్పుడు చేసి చేసి చేతులు బొబ్బలెక్కినదాన్ని.

చెప్పులు కూడా లేకుండా వరండా మీది మంచు తొక్కుకుంటూ పరిగెత్తాను.

అత్తగారు భుజాన పాప, చేతిలో ఇనుప చువ్వ, పొయ్యి పై తలుపు బార్లా తెరిచి, నిప్పుని పైనుంచి కెలుకుతోంది! మా అత్తగారు ఓనా! పొయ్యి నిండా బూడిద రంగు. మధ్యలో ఎక్కడో పేరుకి మాత్రం ఎరుపు.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు?"

"ఊపలేదే," అంది. "నిన్న సాయంత్రం నేను ఊపలేదు. పాప ఒళ్ళో ఉంది, నాకు కాస్త కునుకు పట్టింది. నీ పొయ్యి ఊపిన చప్పుడు విని నాదే ఊపేశాననుకున్నా. అంత బాగా ఊపావు మరి, ముదనష్టపుదానా! సరిగ్గా నాలాగే. ఇరవై ఆరేళ్ళు... ఇప్పుడు రెండో పుల్ల గియ్యాలి. ఆ బార్బొరా మొహం ఎట్లా చూడను?" మళ్ళీ చువ్వ ఎత్తింది.

నేను ఆ చేతిని పట్టుకున్నాను. అత్తగారి చెయ్యి పట్టుకునేంత ధైర్యం నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు.

"ఇలా ఇవ్వండి. కెలికితే చచ్చిపోద్ది."

ఆవిడ నన్ను చూసింది. చువ్వ ఇచ్చేసింది.

పై తలుపు మూశాను. సొరుగులో నిండిన బూడిద మెల్లగా లాగి బయట పెట్టాను. కింది గాలి తలుపు తీశాను. గుప్పెడు సన్న బొగ్గు చల్లాను. ఇద్దరం పొయ్యి ముందు బల్లమీద పక్కపక్కనే కూర్చున్నాం.

"ఇప్పుడు?" అంది మా అత్తగారు.

"కూర్చోవాలి."

"ఒక్కసారి కొంచెం ఊపితే..."

"చేతులు ఒళ్ళో పెట్టుకోండి అత్తయ్యా."

పాపని నా ఒళ్ళో పెట్టి, చేతులు తన ఒళ్ళో పెట్టుకుంది. చలికి ముగ్గురం ఒకే శాలువాలో దూరాం. పది నిమిషాలు గడిచాయి. ఆవిడ పొయ్యిని కాక ఉయ్యాలని చూస్తోంది.

"ఇవాళ ఆదివారం," అంది.

"అవునండీ."

"నీది మండుతోందా?"

"మండుతోందండీ."

"తెలుసులే. నిన్న వినగానే అనుకున్నా, ఇక ఇచ్చెయ్యాలని. అనుకుంటూ అనుకుంటూనే నిద్రపోయినట్టున్నా." ముక్కు తుడుచుకుంది. "మీ మామ పోయాక ఈ ఇంట్లో ఆ జాలీ తప్ప ఏదీ చప్పుడు చేసేది కాదే. ఇన్ని వారాలు పాప ఏడుస్తుంటే ఎంత బావుందో తెలుసా? చలి చలి అని నీ మీద అరిచాను గానీ, మొదటి వారం నువ్వు ఓడిపోతే నాకు సంతోషంగానే ఉండింది. దేవుడు చూశాడు, అందుకే నా పొయ్యి ఆర్పాడు."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, ఒక క్షణం. దిండు కొరుక్కున్న రాత్రులన్నీ గుర్తొచ్చాయి. కానీ పక్కన ఆవిడ భుజం వణుకుతోంది. చలికో, దేనికో. ఆ వణుకు చూశాక నా కోపం నిలవలేదు.

"ఆరలేదండీ," అన్నాను. "చూడండి."

బొగ్గు సందులో నీలంగా ఒక నాలుక లేచింది. పక్కనే ఇంకొకటి. అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇద్దరం కదల్లేదు. అంతా అంటుకున్నాక బొగ్గు పోశాను, ఒక మూల ఎర్రగా వదిలి. అప్పుడు ఆవిడ లేచి పిడి పట్టుకుంది. గడగడమంది. ఏడు, ఎనిమిది.

"చాలు!" అన్నాను.

"నాకు చెప్తావే నువ్వు?" అంది గానీ, ఆపేసింది.

చర్చి మెట్ల మీద బార్బొరా సిద్ధంగా నిలబడి ఉంది. "ఏమే ఓనా, పొద్దున మీ గొట్టంలోంచి వేడి ఆవిరే కనబడలేదు? ఎన్నో పుల్ల?"

మా అత్తగారు తలెత్తింది. "ఒకటే. కావాలంటే నా కోడల్ని అడుగు."

మెట్లమీద ఉన్న ఆడవాళ్ళంతా నా వైపు తిరిగారు. పాపని సర్దుకుని, "ఒకటేనండీ," అన్నాను. "నా కళ్ళారా చూశాను."

మధ్యాహ్నం మాట ప్రకారం ఆవిడే ఉయ్యాల మోసుకొచ్చింది. విటాస్ సాయానికి వస్తే మోచేత్తో నెట్టేసింది. మా గదిలో పెట్టి, దుప్పటి సర్ది, నా పొయ్యి మూత ఎత్తి చూసి, మూసి వెళ్ళిపోయింది. విటాస్ ఉయ్యాలని పొయ్యి పక్కకి జరపబోతుంటే నేను ఆపి, నడిమధ్య గోడకి ఆనించి పెట్టించాను.

"ఇక్కడెందుకు? అమ్మకి అంతా వినబడుతుంది," అన్నాడు.

"అందుకే."

సాయంత్రం అవతల గడగడ మోగింది. తర్వాత నేను ఊపాను. పాప ఉలిక్కిపడి కాసేపు ఏడ్చి, ఊరుకుంది. తర్వాత, గోడకి మరీ దగ్గర్నుంచి, మెల్లగా:

"పడుకుందా?"

"వినట్లేదన్నారుగా!"

"వినట్లేదు. ఊరికే అడిగా."

నేను పాప వైపు చూశాను. కళ్ళు విప్పార్చుకుని, ఆ గొంతు వచ్చిన వైపే తల తిప్పి చూస్తోంది.

"పడుకోలేదండీ," అన్నాను. "నా పాట దీనికి నచ్చడం లేదు. మీరు కాస్త..."

నా మాట పూర్తి కాకముందే వరండా చెక్కలు కిర్రుమన్నాయి.